వేసవి సెలవులు – పందిరి క్రింద పాశము
(కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కూటములలో ఒక పూట మాట్లాడవలెనని పెద్దలు అడిగినప్పుడు ఏమి చెప్పవలెనా అని మేము కొంత ఆలోచించినాము. మన అధ్యక్ష ఖండము యొక్క చరిత్ర, గుడులు కట్టిన వివరములు, బడులు, ఆసుపత్రులు, ఇవన్నియు మాకంటే బాగుగా తెలిసిన పెద్దలు చెప్పుచున్నారు. వారి ప్రక్కన నిలిచి మేము మరల అవే చెప్పుట బాగుండదు. అందుచేత ఒక చిన్న సంగతి ఎంచుకొన్నాము. వేసవి సెలవులలో ఒక దినము పిల్లలు, పెద్దలు, చుట్టములు, స్నేహితులు పందిరి క్రింద కూర్చుండి ఇంట వండిన పాశము త్రాగుట. ఇది ప్రసంగమునకు తగిన అంశమా అని కొందరు నవ్వవచ్చును. నవ్వినను ఫరవాలేదు, చివరివరకు వినండి.

మన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో వేసవి ఎట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు అందురు. మధ్యాహ్నము పలకల గనులలో రాతి మీద చెయ్యి పెట్టినవారికి ఆ మాట ఉత్త సామెత కాదని తెలియును. బోర్లు ఎండిపోవును. ట్యాంకరు వచ్చునని బిందెలు వరుసగా పెట్టుకొని తల్లులు కూర్చుందురు. వచ్చిన నీళ్ళు తీపో, ఉప్పో, ఫ్లోరైడో త్రాగిన తరువాత గాని తెలియదు. ఇటువంటి కాలమునకు పండుగ కాలమని ఎవరు పేరు పెట్టుదురు?

పూర్వము మిషనరీ దొరలు, దొరసానులు ఏప్రిలు రాగానే కోడైకెనాలుకో, కూనూరుకో, ఉదకమండలమునకో పోయెడివారు. కోడైకెనాలులో అమెరికను మిషనరీలు 1845లోనే ఇండ్లు కట్టుకొన్నారు. మేము వారిని తప్పు పట్టుట లేదు. ఈ దేశపు ఎండలకు, జ్వరములకు తమ బిడ్డలను మట్టిలో పెట్టిన తల్లిదండ్రులు వారిలో ఉన్నారు. అయితే పల్లెలో ఉపదేశి ఎక్కడికి పోవును? అతనికి కొండ అంటే ఎదుట కనబడు నల్లమలయే, ఆ కొండ కూడ మే నెలలో కాలుచుండును. అతడు, అతని సంఘము ఊరిలోనే ఉండిరి. వేసవిలో మనవారు ఎక్కడికో పోవుట లేదు గాని, పోయినవారు ఇంటికి వచ్చుచున్నారు. మన సెలవులంటే ఇదే.

ఎవరు పోయినవారు? వసతి గృహములలో చదువు పిల్లలు మొదటివారు. ఏప్రిలు నాలుగవ వారములో బడి మూయుదురు, జూను రెండవ వారములో తెరచుదురు. ఆ ఏడు వారములు ఊరు మరల ఊరివలె ఉండును. సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోయిన కుటుంబములు ఏప్రిలులో తిరిగి వచ్చును. హైదరాబాదులో, బెంగుళూరులో తాపీ పనికి పోయినవారు పెండ్లిండ్లు చూచుకొని వచ్చుదురు. ఆ దినములలో మార్కాపురము రోడ్డు స్టేషనులో గాని, కంభములో గాని, గిద్దలూరులో గాని రైలు ఆగినప్పుడు చూడండి. సంచులు, బకెట్లు, చంకన నిద్రపోవు బిడ్డ, చేతిలో నగరము నుండి తెచ్చిన బొమ్మ. అవ్వలు ప్లాటుఫారము మీదనే మనుమల ముఖములు నిమురుదురు. మేము ఆ దృశ్యము ఎన్నిసార్లు చూచినను మాకు తనివి తీరలేదు.

ఈ ఇంటికి వచ్చినవారి కొరకే మా పాస్టరేటులో పందిరి దినము మొదలైనది. మొదట సెలవుల బైబిలు బడి చివరి దినమున పిల్లలకు బిస్కత్తులు, చక్కెర నీళ్ళు ఇచ్చెడివారము. ఒక ఏడు స్త్రీల మైత్రి తల్లులు, కొన్న బిస్కత్తు ఎందుకు, మేము కొర్ర పాశము వండుదుము అన్నారు. మేము సరే అన్నాము. అప్పటినుండి ఆగలేదు.

పాశము వండు విధము మీలో చాలమంది తల్లులకు మాకంటే బాగుగా వచ్చును. అయినను ఈనాటి కోడండ్ర కొరకు చెప్పెదము. మేము గరిటె పట్టి నేర్చుకొన్న పనియే గనుక ధైర్యముగా చెప్పగలము. కొర్రలు ఎండబోసి, రోటిలో దంచి, చేటతో చెరగవలెను. మరపట్టిన బియ్యము కంటె దంచిన బియ్యము చిక్కగా ఉడుకును. కడిగి నీరు వార్చి, కొంచెము నెయ్యి వేసి కమ్మని వాసన వచ్చువరకు వేయించవలెను. గుప్పెడు పెసరపప్పు కలిపి, ఒకటికి మూడు పాళ్ళకు మించి నీళ్ళు పోసి మెత్తగా ఉడికించవలెను. పాలు విడిగా కాచి అందులో పోయవలెను. బెల్లము మాత్రము వేరే గిన్నెలో కరగబెట్టి, వడగట్టి, చల్లార్చి, పాశము పొయ్యి దింపిన తరువాత కలపవలెను. వడగట్టకపోతే రాళ్ళు పంటిక్రింద పడును. చల్లార్చకపోతే పాలు విరుగును. ఏలకులు, ఎండుకొబ్బరి ముక్కలు ఎవరి శక్తి కొలది వారు వేసికొందురు. చిటికెడు సొంటి పొడి మరువవద్దు. ఎండలో పిల్లలు రెండుమూడు దొప్పలు త్రాగుదురు గనుక కడుపునకు మంచిది.

పాలు విరుగు సంగతి మాకు ఎట్లు తెలిసినదో చెప్పవలెను. ఒక ఏడు యౌవనస్థులు పందిరి వద్దు, పిల్లలను కంభము చెరువునకు తీసికొని పోవుదము అన్నారు. రెండు ట్రాక్టర్లు మాట్లాడినాము. కంభము చెరువు మన ప్రాంతమునకు దేవుడిచ్చిన వరము. విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ అను రాణి కట్టించినదని చెప్పుదురు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్ట వేసి అంత నీటిని నిలిపినారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది. ఆ దినము పిల్లలు కట్ట మీద పరుగులు పెట్టుచుండగా తల్లులు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసినారు. పిల్లలు ఆకలి అని గోల. గాలికి మంట ఒక ప్రక్కకు పోవును. తొందరలో బెల్లపు గడ్డలు పొంగుచున్న పాలలోనే వేసినాము. క్షణములో గుండిగ అంతయు గడ్డలు, నీరు. మా ముఖములు చూచి ఒక అవ్వ, “పాలు యిరిగితే యిరిగె, జున్నని చెప్పి పోయండి అయ్యగారూ, పిల్లోళ్ళకేం తెలుసు” అన్నది. జున్ను అని చెప్పి పోసినాము. ఒక్క చుక్క మిగలలేదు. పాస్టరు అబద్ధమాడవచ్చునా అని మీరు అడుగవచ్చును. ఆ సంగతి అవ్వను అడుగవలెను.

కొర్రలే ఎందుకు అని కొందరు యౌవనస్థులు అడుగుదురు. మన తాతలకు వరి అన్నము పండుగనాటి మాట. మిగిలిన దినములు జొన్న సంగటి, సజ్జ రొట్టె, కొర్ర అన్నము. మన గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. 1876లో మొదలై 1878 వరకు నడచిన ధాత కరవులో కర్నూలు జిల్లా ఎంత చితికిపోయినదో అవ్వల నోట పాటలుగా, తిట్లుగా కూడ నిలిచిపోయినది. ఆ కరవులోనే మన పొరుగు ఒంగోలు ప్రాంతమున బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళకు పైగా గుత్తకు తీసికొని వేలమందికి కూలి ఇచ్చినారు. అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారని ఎవరును అనకుండ, సహాయము నడచినంతకాలము ఆయన బాప్తిస్మములు ఆపివేసినారు. కూలి పనులు ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. మన కంభము చెరువు నింపు ఏరే అది.

ఈ సంగతి ఎందుకు చెప్పినామంటే, మన పందిరి దినమునకు ఊరి పిల్లలందరు వచ్చుదురు. ఏ ఇంటి పిల్లవాడని మేము అడుగము. పాశము పోసి పిల్లలను లాగుచున్నారని ఒకరిద్దరు అన్నట్లు మా చెవిని పడినది. అందుచేత ఆ దినము మేము ప్రసంగము చేయము. ప్రార్థన చేసి పోయుదుము, అంతే. క్లౌ దొరగారి జాగ్రత్త మనకును ఉండవలెను.

మరల కొర్రల సంగతికి వత్తుము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత మన ఇండ్లలో పొయ్యి మీది అన్నము తెల్లబడినది. అది మంచిదే, పేదవాని బిడ్డ అన్నము తిన్నది. అయితే కొర్ర చేలు తగ్గినవి, దంచు రోళ్ళు గోడ ప్రక్కకు పోయినవి. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినప్పుడు పట్నములో కొర్రలు బియ్యము కంటె ప్రియమైనవని విని మా అవ్వలు నోరు నొక్కుకొన్నారు. ఇప్పుడు పందిరి దినమునకు శేరు కొర్రలు సంపాదించుటకు నాలుగు పల్లెలు తిరుగవలసి వచ్చుచున్నది. అయినను తల్లులు మానరు.

ఇంకొక కష్టమైన సంగతి ఉన్నది. చెప్పకుండ దాటవేయుట న్యాయము కాదు. మా పాస్టరేటులో ఒక ఊరిలో మనవారివి రెండు పేటలు. గుడి ఒకటే. ప్రభువు బల్ల యొద్ద అందరు ఒకే గిన్నెలోనిది పుచ్చుకొందురు. కాని పెండ్లి భోజనము దగ్గరకు వచ్చునప్పటికి ఈ పేటవారు వండినది ఆ పేటవారు తినుటకు జంకుదురు. అందుచేత మొదటి రెండేండ్లు పందిరి ఒకటి వేసి గుండిగలు రెండు పెట్టినాము. మాకు సిగ్గుగా ఉండినది. ఉండినను పెట్టినాము. ఈ సంగతి వేదాంత కళాశాలలో ఎన్నో పుటలు చదివియున్నాము, గుండిగ దగ్గర ఆ పుటలు ఒక్కటియు గుర్తు రాలేదు. మూడవ ఏడు పందిరి దినమునకు ముందు సాయంకాలము ఒక గుండిగ అడుగున చిల్లి కనబడినది. మాట్లు వేయువాడు దొరకలేదు. ఏమి చేయుదుమని తర్జనభర్జన పడుచుండగా ఒక వృద్ధురాలు, “చిల్లి గుండిక్కి పడె గానీ మన నోటికి పడలేదు గదా! దీంట్లోనే పోయండి” అన్నది. ఒకే గుండిగలో వండినాము. రెండు పేటల తల్లులు చెరి ఒక ప్రక్క తెడ్డు పట్టినారు. మూడు కుటుంబములవారు తినకుండ లేచిపోయినారు. తరువాతి ఏడు ఇద్దరు కుటుంబములవారు వచ్చినారు. ఒక కుటుంబము నేటికిని రాలేదు. ప్రతి ఏడు పిలుచుచునే ఉన్నాము. చిల్లి గుండిగను మేము బాగుచేయించలేదు. అడిగినవారితో మాట్లు వేయువాడు ఇంకను దొరకలేదని చెప్పుచున్నాము.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయము ఒకసారి తలంపునకు తెచ్చుకొనుడి. చెరనుండి తిరిగి ఇంటికి వచ్చినవారు నీటి గుమ్మము ఎదుట కూడినారు. ఎజ్రా ధర్మశాస్త్రము చదువగా విని ఏడ్చినారు. అప్పుడు పెద్దలు వారిని ఏడువవద్దని చెప్పి, ఇండ్లకు పోయి మంచి భోజనము చేయుమని, తియ్యనిది త్రాగుమని చెప్పినారు. అక్కడితో ఆపలేదు. ఇంట ఏమియు వండుకొననివారికి వారి వంతు పంపవలెనన్నారు. కొన్ని దినములకు ఆ జనమే కొండకు పోయి కొమ్మలు తెచ్చి ఇంటి మిద్దెల మీద, వాకిండ్లలో పందిళ్ళు వేసికొన్నారు. వారు తెచ్చిన వాటిలో ఈత కొమ్మలు కూడ ఉన్నవి. మన తాటాకు పందిరి, వేపమండలు ఆ పర్ణశాలలకు దగ్గర చుట్టమే అని మాకు తోచును. ఈ అధ్యాయము మేము ఎన్నోసార్లు చదివినాము, దానిమీద ప్రసంగించినాము. కాని ఇంట ఏమియు వండుకొననివారు అనగా ఎవరో మాకు ఒక పిల్లవాడు చూపించినాడు.

అది కొన్నేండ్ల క్రిందటి మే నెల. అప్పుడు మేము ఇంటింటి పిల్లల లెక్క పలక మీద వ్రాసికొని, ఆ లెక్క ప్రకారము కొర్రలు పోసెడివారము. మార్కాపురము పలకే, మన ఊరిలో దానికి కొరత లేదు గదా. ఆ దినము మోదుగాకు దొప్పలు పట్టుకొని పిల్లలు వరుసగా కూర్చున్నారు. తొమ్మిదేండ్ల పిల్లవాడు ఒకడు తన దొప్ప త్రాగి, ఇంకొక రెండు దొప్పలు కావలెనని నిలుచున్నాడు. అతడు వసతి గృహములో చదువుకొనుచు సెలవులకు అవ్వ దగ్గరకు వచ్చినవాడు. తల్లిదండ్రులు బెంగుళూరులో ఉండిరి, ఆ దినము వత్తుమని ఫోనులో చెప్పిరట. వడ్డించుచున్న యౌవనస్థుడు పలక చూచి, “మీ ఇంటికి ఒకటే లెక్క” అన్నాడు. ఆ పలక వ్రాసినది మేమే. మేము అక్కడనే ఉండి ఆ మాట విన్నాము. జనము ఎక్కువ, పాశము తక్కువ, తరువాత చూతమనుకొన్నాము.

సాయంకాలము అవ్వ వచ్చి మనుమడు కనబడుట లేదన్నది. వెదకగా రోడ్డు మీద బస్సు ఆగుచోట వేపచెట్టు క్రింద కూర్చున్నాడు. చేతిలో రెండు ఖాళీ దొప్పలు. కర్నూలు వైపు బస్సు, ఒంగోలు వైపు బస్సు, ఏది ఆగినను లేచి చూచుచున్నాడట. ఆ దినము వారు రాలేదు. మేస్త్రి కూలి డబ్బు ఇవ్వలేదని తరువాత తెలిసినది. మేము ఇంటికి తీసికొని వచ్చినాము. అప్పటికి గుండిగ కడిగి బోర్లించినారు. మా సతీమణి ఇంట ఉన్న సేమ్యా వండి, పాలు పోసి, గ్లాసులో పెట్టినది. వాడు ముట్టలేదు. “నేను తాగినా అమ్మగారూ. ఇది మాయమ్మకు, మా నాయనకు” అన్నాడు. గ్లాసు మీద పళ్ళెము మూతపెట్టి అవ్వ ఇంటికి తీసికొని పోయినాడు. తెల్లవారి పులిసిపోయినదని అవ్వ చెప్పినది. తల్లిదండ్రులు జూనులో బడి తెరచు ముందు రెండు దినములు వచ్చి పోయినారు.

ఆ రాత్రి మేమిద్దరము చాలసేపు మాట్లాడుకొన్నాము. ఎన్నో ఏండ్లుగా నడచు పందిరిలో మేము ఉన్నవారినే లెక్కపెట్టినాము. రానివారు మా పలక మీద లేరు. వారి కొరకు ఎదురుచూచు పిల్లవాని ఆకలి ఒక దొప్ప కాదు, మూడు దొప్పలు. ద్వితీయోపదేశకాండము పదహారవ అధ్యాయములో పండుగ చేయవలసినవారి పట్టిక చూడండి. కుమారుడు, కుమార్తె తరువాత దాసదాసీలు, లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు వరుసగా ఉన్నారు. లేవీయుడు అనగా పాస్టరుగారు, మమ్మును ఎవరును మరువరు, మొదటి దొప్ప మాకే తెచ్చుదురు. మిగిలినవారి సంగతి మేము చూచుకొనవలసినది.

తరువాతి ఏడునుండి గుండిగలోనుండి మొదటి ఆరు గరిటెలు ఒక మూత తప్పేళలోనికి తీయుచున్నాము. పిల్లలకు వడ్డించకముందే తీయవలెను, చివర మిగిలినది అని కాదు. దానికి లెక్క లేదు, పలక లేదు. ఎవరి పేరు చెప్పి అడిగినను పోయుదుము. మంచము పట్టిన ముసలివారికి, గనుల దగ్గర కాపలా ఉన్నవానికి, గొర్రెల వెంట అడవికి పోయినవారికి, మద్యాహ్నపు బస్సు కండక్టరుకు కూడ పోయినది. ఒక పాప చనిపోయిన తన తమ్ముని పేరు చెప్పి అడిగినది. తల్లులు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. తరువాత పోసినారు. ఆ పాప ఆ దొప్పను ఏమి చేసినదో మేము అడుగలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఒంగోలులో చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు పందిరి గుంజలు పాతువారిలో ముందుండును. అతని తల్లిదండ్రులు ఇంకను బెంగుళూరులోనే ఉన్నారు, ఒక్కొక్క ఏడు రాగలుగుదురు, ఒక్కొక్క ఏడు రాలేరు.

ఈ సంవత్సరము పందిరి దినము మే నెల రెండవ వారములో పెట్టుకొన్నాము. మీమీ పాస్టరేటులలో కూడ పెట్టుకొనదలచినచో తాటాకు ముందుగా కొట్టించుకొనుడి, చివరిలో దొరకదు. కొర్రల కొరకు మొన్న ఆ అవ్వ ఇంటికే పోయినాము, ఆమె చేనిలో ఇంకను రెండు సాళ్ళు కొర్ర వేయును. మూడు శేర్లు అడిగినాము. ఆమె నాలుగు కొలిచినది. ఒకటి ఎక్కువైనదమ్మా అన్నాము. “అది రాని వాళ్ళకు అయ్యగారూ” అని సంచి మూతి కట్టి ఇచ్చినది.